పందిరి కంచె దాటితే

టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్రాస్పర్, కేటీ వైపు తెలుగువాళ్ల ఇళ్ల వెనక జూన్ దాటాక ఒకసారి చూడండి. సొర, బీర, కాకర పందిరెక్కి ఉంటాయి. గోంగూర నడుమెత్తు పెరిగి ఉంటుంది. ఆరు నెలలు ఉండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చిన అమ్మో, అత్తగారో పొద్దున్నే కాఫీ తాగేసి నీళ్ల పైపు పట్టుకుని అక్కడే తిరుగుతుంటారు. ఆ పందిరి ఆరడుగుల చెక్క కంచె మీదుగా బయటికి కనిపించడం మొదలయ్యాక ఒక ఉత్తరం వస్తుంది. అనుమతి లేని నిర్మాణం చేశారు, ఫలానా తేదీలోగా తీసేయండి, లేకపోతే జరిమానా అని దాని సారాంశం. పంపేది హోమ్ ఓనర్స్ అసోసియేషన్, అందరూ వాడే పేరు హెచ్‌ఓఏ.

ఉత్తరం చదవగానే ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. “మన ఇల్లు, మన పెరడు, మధ్యలో వాళ్లెవరు?” “ఇది కచ్చితంగా ఆ పక్కింటాయన పనే.” “ఎందుకొచ్చిన గొడవ, పీకేద్దాం.” మొదటి మాట చట్టం ముందు నిలవదు. రెండోది నిజమే అయినా దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. మూడోది తొందరపాటు. పందిరిని ఉంచుకునే దారి చాలాసార్లు ఉంటుంది.

ఈ అధ్యాయమంతటికీ సూత్రం ఒక్కటే: పొరుగువారితో మాట, అసోసియేషన్‌తో కాగితం. మనవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పక్కింటివాళ్లతో ఎదురుగా మాట్లాడడానికి మొహమాటపడి, వాళ్లమీద అసోసియేషన్‌కు మెయిల్ పెడతారు. అసోసియేషన్‌తో తేల్చుకోవలసింది వచ్చినప్పుడు మాత్రం మేనేజర్‌కు ఫోన్ చేసి, “ఆయన పర్లేదన్నాడు” అని ఊరుకుంటారు. ఆర్నెల్లకు ఆ మేనేజర్ మారిపోతాడు. ఫైల్లో మీ ఫోన్ మాట ఉండదు, ఉల్లంఘన ఒక్కటే ఉంటుంది.

ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుంది

కమ్యూనిటీ అసోసియేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం అమెరికాలో ఇలాంటి అసోసియేషన్లు 3.5 లక్షలకు పైనే ఉన్నాయి. వాటి పరిధిలో ఉన్న జనం 7 కోట్లు దాటారు. ఆ లెక్కలో ఉన్న ఏ ఇల్లు కొన్నా, ఇంటితోపాటు ‘సీసీ అండ్ ఆర్’ అనే నిబంధనల పత్రం కూడా మీ నెత్తిమీదికి వస్తుంది. అది కౌంటీ ఆఫీసులో రిజిస్టరై, స్థలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఇల్లు ఎవరి చేతికి మారితే వాళ్లను పట్టుకుంటుంది. క్లోజింగ్ రోజు పెట్టిన సంతకాల హడావుడిలో మీరు చదవకపోయినా అది చెల్లుతుంది.

ఈ కాగితాల్లో మెట్లున్నాయి. అన్నిటికంటే పైన ఫెడరల్, రాష్ట్ర చట్టాలు. వాటి కింద సీసీ అండ్ ఆర్. దాని కింద అసోసియేషన్ నడిచే తీరు చెప్పే బైలాస్. అట్టడుగున బోర్డు తయారుచేసే రూల్స్, డిజైన్ గైడ్‌లైన్స్. కింది మెట్టు పై మెట్టును కాదనలేదు. ఊరి మున్సిపాలిటీ నియమాలది వేరే దారి. సిటీ పర్మిట్ ఇచ్చినంత మాత్రాన హెచ్‌ఓఏ ఒప్పుకున్నట్టు కాదు, హెచ్‌ఓఏ ఒప్పుకుంటే సిటీ పర్మిట్ అక్కర్లేదని కూడా కాదు.

మీ పందిరికి అడ్డొచ్చిన నియమం ఏ మెట్టు మీద ఉందో ముందు కనిపెట్టండి. సీసీ అండ్ ఆర్‌లోనే ఉంటే మార్చడం కష్టం. టెక్సాస్‌లో అయితే, పత్రంలో అంతకంటే తక్కువ చాలని రాసి లేకపోతే మొత్తం ఓట్లలో 67 శాతం కావాలి. పందిరి ఎత్తు, చెక్క రంగు, కంచె నుంచి ఎంత ఎడం వదలాలి లాంటి సంగతులు ఎక్కువగా డిజైన్ గైడ్‌లైన్స్‌లో ఉంటాయి. వాటిని బోర్డు తన సమావేశంలో మార్చగలదు.

కాగితాలు ఎక్కడ పెట్టారో గుర్తులేకపోతే అసోసియేషన్ వెబ్‌సైట్లోనో, కౌంటీ క్లర్క్ రికార్డుల్లోనో దొరుకుతాయి. టెక్సాస్‌లో రియల్ ఎస్టేట్ కమిషన్ నడిపే వెబ్‌సైట్లో అసోసియేషన్ల మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్లు ఉంటాయి. మీ అసోసియేషన్ తరఫున ఎవరికి రాయాలో అందులో తెలుస్తుంది.

చట్టం ఎక్కడ మీ పక్షాన ఉంది

పెరటి మొక్కల మీద అన్ని రాష్ట్రాల చట్టం ఒకలా లేదు. డాలస్‌లో ఉన్న మీకు కాలిఫోర్నియా బావమరిది చెప్పిన సలహా పనికిరాకపోవచ్చు.

కాలిఫోర్నియాలో 2014లో వచ్చిన చట్టం ప్రకారం పెరట్లో సొంతానికి కూరగాయలు పండించుకోవడాన్ని అసోసియేషన్ నిషేధించకూడదు. సమంజసమైన షరతులు మాత్రం పెట్టవచ్చు. మరుసటి ఏడాది పెరట్లో బట్టలారేసే తీగకూ అలాంటి రక్షణే వచ్చింది. 2025 నుంచి, ఆరోగ్యానికీ భద్రతకూ ముప్పు లేని ఉల్లంఘనకు జరిమానా 100 డాలర్లు మించకూడదు.

ఫ్లోరిడా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మయామీ షోర్స్ అనే ఊళ్లో ఒక దంపతులు ఇంటి ముందు ఏళ్లతరబడి కూరగాయలు పండించుకున్నారు. 2013లో ఆ ఊరి పాలకవర్గం ఇంటి ముందు స్థలంలో కూరగాయలు కూడదంది, రోజుకు 50 డాలర్ల జరిమానా అని హెచ్చరించింది. వాళ్లు మొక్కలు పీకేసి కోర్టుకెళ్లారు. 2017లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. అయినా ఆ గొడవ రాష్ట్రమంతా పాకింది. స్థానిక ప్రభుత్వాలు ఇళ్ల దగ్గరి కూరగాయల తోటల మీద ఆంక్షలు పెట్టకూడదని 2019లో ఫ్లోరిడా చట్టం చేసింది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ చట్టం ఊళ్లను కట్టడి చేసింది, హెచ్‌ఓఏల జోలికి పోలేదు. అసోసియేషన్లకు వర్తించే మాట 2024లో వచ్చింది: ఇంటి ముందువైపు నుంచి గానీ, పక్క స్థలం నుంచి గానీ, పక్కనున్న ఉమ్మడి స్థలం నుంచి గానీ, కమ్యూనిటీ గోల్ఫ్ కోర్సు నుంచి గానీ కనిపించని కూరగాయల మడినీ, బట్టల తీగనూ అసోసియేషన్ అడ్డుకోకూడదు. ఇందులో కీలకమంతా ‘కనిపించని’ అన్న చోటే ఉంది. కంచె లోపలి గోంగూరకు రక్షణ ఉంది, కంచె దాటిన సొరపాదుకు లేదు.

మేరీల్యాండ్‌లోని కొలంబియాలో మరో జంట పచ్చిక తీసేసి స్థానిక పూలమొక్కలు పెంచుకుంటే, పక్కింటి ఫిర్యాదు మీద 2017లో అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. వాళ్లు పట్టు విడవలేదు. పచ్చికే ఉండాలని అసోసియేషన్లు బలవంతపెట్టకుండా 2021లో ఆ రాష్ట్రం చట్టం చేసింది.

టెక్సాస్‌లో వాననీటి పీపాలు, కంపోస్టు, నీరు తక్కువ తాగే మొక్కల పెంపకం మీద అసోసియేషన్ పూర్తి నిషేధం పెట్టకూడదు. పీపా సైజు, రంగు, పెట్టే చోటు గురించి షరతులు పెట్టవచ్చు. తులసికోట గురించి చాలామంది అడుగుతారు. భక్తితో పెట్టుకునే మతసంబంధ వస్తువులకు ఒకప్పుడు గుమ్మం వరకే ఉన్న రక్షణ 2021 సవరణతో ఇంటి స్థలమంతటికీ వచ్చింది. ఉమ్మడి స్థలంలో పెట్టినా, కట్టడాలకు స్థలం అంచు నుంచి వదలాల్సిన సెట్‌బ్యాక్ గీత దాటినా, భద్రతకు ముప్పయినా ఆ రక్షణ వర్తించదు. కోట కట్టేముందు గీత ఎక్కడుందో సర్వే కాగితంలో చూసుకోండి. ఇక పందిరి సంగతి ఎక్కువగా మీ అసోసియేషన్ కాగితాల మీదే ఆధారపడుతుంది.

ఉత్తరం వచ్చిన రోజు

ఆ రోజు జవాబు రాయకండి. ఫొటోలు తీయండి: పెరట్లోంచి, వీధిలోంచి, కంచె అవతల నడకదారి ఉంటే అక్కణ్నించి. టేపు పెట్టి పందిరి ఎత్తు కొలవండి. ఉత్తరంలో ఏ నిబంధన నంబరు వేశారో చూసి, ఆ వాక్యాన్ని మూలంలో చదవండి. నంబరు లేకపోతే అదే మీ మొదటి ప్రశ్న.

తర్వాత తేదీలు. టెక్సాస్ చట్టంలో క్రమం ఇది. జరిమానా వేసే ముందు అసోసియేషన్ సర్టిఫైడ్ మెయిల్‌లాంటి రుజువు ఉండే పద్ధతిలో లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. సరిదిద్దుకోగలిగే తప్పయితే అందుకు తగిన గడువివ్వాలి. నోటీసు పోస్టు చేసిన నాటి నుంచి 30 రోజుల్లోగా మీరు బోర్డు ముందు విచారణ కోరవచ్చు. కోరితే 30 రోజుల్లోగా అది జరగాలి. మీకు వ్యతిరేకంగా చూపదలచిన ఫొటోలు, కాగితాలు, మెయిళ్లు విచారణకు 10 రోజుల ముందే మీకు అందాలి. అందకపోతే మీకు 15 రోజుల వాయిదా హక్కుగా దొరుకుతుంది. విచారణను మీరు ఆడియో రికార్డు చేసుకోవచ్చు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. గత ఆరు నెలల్లో అలాంటి తప్పుకే నోటీసు, గడువు ఇచ్చి ఉంటే మళ్లీ ఇవ్వనక్కర్లేదు. ఈ ఏడాది జూలైలో దించిన పందిరిని సెప్టెంబరులో మళ్లీ లేపితే నేరుగా జరిమానా పడవచ్చు.

జవాబు పొడుగ్గా ఉండనక్కర్లేదు. ఇంగ్లీషులో రాసినా సారం ఇలా ఉంటే చాలు:

“మీరు ఫలానా తేదీన పంపిన ఉత్తరం అందింది. మా పెరట్లోని పందిరి ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. ఫలానా నిబంధన ఏ ఎత్తు వరకు అనుమతిస్తుందో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. 6 అడుగులకు తగ్గించడానికి మేం సిద్ధం. ఫలానా తేదీలోగా పూర్తిచేసి ఫొటో పంపుతాం. ఈలోగా విచారణ కోరే మా హక్కును వదులుకోవడం లేదు.”

ఇందులో కోపం లేదు, సంజాయిషీ లేదు, పక్కింటివాళ్ల ప్రస్తావన లేదు. కొలత, ప్రశ్న, తేదీ, హక్కు ఉన్నాయి. ‘మా అమ్మ ఎంతో ఇష్టంగా నాటింది’ అన్న మాట నిజమే అయినా దాని చోటు ఈ ఉత్తరం కాదు. విచారణలో ఎదురుగా కూర్చున్నప్పుడు చెబితే దానికి విలువ ఉంటుంది. బోర్డులో కూర్చునేవాళ్లు చాలాచోట్ల జీతం లేకుండా పనిచేసే మీ వీధివాళ్లే.

“ఎదురింట్లో అంతకంటే పెద్ద షెడ్డుంది, వాళ్లకు లేని రూలు మాకెందుకు?” అన్నది అందరికీ వచ్చే ప్రశ్న. ఇందులో బలముంది. టెక్సాస్‌లో అసోసియేషన్ విచక్షణతో తీసుకున్న నిర్ణయం సమంజసమైందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. అది ఇష్టారాజ్యంగానో, వివక్షతోనో జరిగిందని చూపితే ఆ భావన నిలవదు. వాదన కోసం వీధిలోంచి కనిపించినంత మటుకే ఫొటోలు తీయండి. “వాళ్లమీదా చర్య తీసుకోండి” అని రాయకండి. “ఇలాంటివాటికి అనుమతి ఇచ్చారు కాబట్టి మాకూ అదే కొలత వర్తింపజేయండి” అని రాయండి. మొదటిది రాస్తే వీధిలో ఇంకో శత్రువు తయారవుతాడు.

కోపంతో ఎప్పుడూ చేయకూడని పని ఒకటుంది: అసోసియేషన్ ఫీజు కట్టడం ఆపేయడం. టెక్సాస్‌లో కేవలం జరిమానాల బాకీ మీద అసోసియేషన్ ఇల్లు వేలం వేయించలేదు. ఫీజు బాకీ మీద ఆ ప్రమాదం ఉంది. పందిరి కోసం మొదలైన తగాదాను ఇంటి మీదికి తెచ్చుకోకండి.

పొరుగువారితో మాట

ఫిర్యాదు ఎవరు చేశారో కనిపెట్టడానికి ప్రయత్నించకండి. చాలా అసోసియేషన్లలో మేనేజ్‌మెంట్ కంపెనీ మనిషి కారులో తిరుగుతూ ఫొటోలు తీసుకుంటాడు. పక్కింటాయన నిర్దోషి అయితే మీ అనుమానమే కొత్త తగువవుతుంది. దోషి అయినా సరే, మీరు వెళ్లి మాట్లాడవలసిన విషయం ఒక్కటే: అతనికి కష్టం ఎక్కడ?

పొరుగువారి కష్టం చాలాసార్లు ఉత్తరంలో రాసినది అయివుండదు. ఉత్తరంలో ‘అనుమతి లేని నిర్మాణం’ అని ఉంటుంది. అతని బాధేమో సొరతీగ తన వైపు దిగి, ఉమ్మడి కంచె పలకలు తడిసి పుచ్చిపోతున్నాయని. లేదా పేడ ఎరువు వాసన, కుండీల కింద నిలిచిన నీళ్లలో దోమలు, మడికి కట్టిన గట్టు వల్ల తన వైపు మళ్లిన వాననీరు. లేదా వచ్చే నెల ఇల్లు అమ్మకానికి పెడుతున్నాడు. వీటిలో ఏదీ బోర్డు తీర్చేది కాదు, మీరిద్దరూ ఓ సాయంత్రం నిలబడి మాట్లాడుకుంటే తీరేదే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లండి, పగటిపూట వెళ్లండి. వాదన తీసుకెళ్లకండి, ప్రశ్న తీసుకెళ్లండి. “మా తీగలు మీ వైపు వస్తున్నాయేమోనని చూద్దామని వచ్చాను. మీకేమైనా ఇబ్బందిగా ఉందా?” అని అడిగి ఆగండి. అతను చెప్పేది పూర్తిగా విన్నాక, ఆ వారంలో చేయగలిగిన పని ఒకటి ఒప్పుకుని, చేసేయండి. చేశాక రెండు లైన్ల మెసేజ్ పెట్టండి: “తీగలు కత్తిరించాం, పందిరి కంచె నుంచి రెండడుగులు ఇవతలికి జరిపాం.” ఆ మెసేజే రేపు అవసరమైతే మీ కాగితం కూడా అవుతుంది. లేత బీరకాయలు నాలుగు పట్టుకెళ్లండి, మంచిదే. అయితే అవి మొదటిసారి వద్దు. సమస్య తీరకముందు ఇచ్చిన కూరగాయలు నోరు మూయించడానికి ఇచ్చినట్టుంటాయి.

పక్కింట్లో తెలుగువాళ్లే ఉంటే ఇంకో చిక్కు. “మనవాళ్లే కదా, ఏమీ అనుకోరు” అని ఇద్దరూ అనుకుంటారు, ఇద్దరూ లోలోపల అనుకుంటూనే ఉంటారు. చివరికి అది వీధి వాట్సాప్ గ్రూపులో ‘కొంతమందికి’ అని మొదలయ్యే మెసేజ్‌గా బయటపడుతుంది. గ్రూపులో పేరు పెట్టకుండా వేసిన మాటకు గ్రూపులో జవాబివ్వకండి. ఫోన్ తీసి, “అన్నయ్యా, మీరు రాసింది మా పందిరి గురించేనా? సాయంత్రం వస్తాను, ఇద్దరం చూద్దాం” అనండి. అలా అడిగితే దాటవేసేవాళ్లు తక్కువ.

ఇంట్లో పెద్దవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి. పగలు ఇంట్లో ఉండేది వాళ్లే. ఎవరైనా వచ్చి తోట గురించి మాట్లాడితే పేరు, నంబరు తీసుకోమనండి. భాష తెలియక తలూపిన ప్రతిసారీ అవతలివాళ్లు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు.

మాటతో తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్లండి. టెక్సాస్‌లోని పెద్ద కౌంటీలు చాలావాటిలో తగాదా పరిష్కార కేంద్రాలున్నాయి. లాయర్ ఫీజుతో పోలిస్తే అక్కడయ్యే ఖర్చు తక్కువ.

గుంజ పాతకముందే

ఉత్తరాలు రాకుండా చూసుకునే పద్ధతి ఒకటుంది: ముందే అడగడం. ఇలాంటి నిర్మాణాలకు అనుమతిచ్చే అసోసియేషన్ ఆర్కిటెక్చరల్ కమిటీకి పెట్టే దరఖాస్తును మనవాళ్లు అనవసరపు తద్దినమనుకుంటారు. నిజానికి కమిటీ ఆమోదించి సంతకం పెట్టిన పేజీ మీకు బీమా. రేపు బోర్డు మారినా, మేనేజర్ మారినా, పక్కింటివాళ్లు మారినా అది చూపించవచ్చు.

దరఖాస్తులో నాలుగుండాలి: సర్వే కాగితం మీద పందిరి చోటు గుర్తు, పొడవు వెడల్పు ఎత్తు, ఏ చెక్క లేదా ఏ కమ్మీ, ఏ రంగు. పాత పైపులు, చీరముక్కలు, నైలాన్ తాళ్లతో కట్టిన పందిరికి అనుమతి దొరకడం కష్టం. కంచె రంగుకు దగ్గరగా ఉన్న చెక్క ఫ్రేముకు సులువు. కంచెకు గుంజలు కట్టకండి. అది ఉమ్మడి కంచె అయితే ఆ ముడితోనే తగువు మొదలవుతుంది. వెనకవైపు యుటిలిటీ ఈజ్‌మెంట్ ఉంటే అక్కడ పాతకండి. ఎక్కడ తవ్వినా ముందు 811కు ఫోన్ చేయండి. నేలలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తుపెట్టి వెళతారు.

డాలస్ చుట్టుపక్కల చివరి మంచు మామూలుగా మార్చి మధ్యలో పోతుంది. చాలా కమిటీలు జవాబివ్వడానికి 30 రోజులు తీసుకుంటాయి. కాబట్టి దరఖాస్తు జనవరిలో వేయండి. ఏప్రిల్లో విత్తనం పెట్టాక అడిగితే అడగడం కాదు, క్షమాపణ అవుతుంది. టెక్సాస్‌లో 40కి మించిన స్థలాలున్న అసోసియేషన్ మీ దరఖాస్తును కాదంటే కారణం రాతలో చెప్పాలి. 30 రోజుల్లోగా బోర్డు ముందు విచారణ కోరే హక్కు మీకుంటుంది. ఏ ఎత్తయితే ఒప్పుకుంటారో అడిగి, ఆ ఎత్తుతో మళ్లీ దరఖాస్తు పెట్టండి. ఆరడుగుల కంచె లోపల ఐదున్నర అడుగుల పందిరి మీద కూడా బీర కాస్తుంది. పొద చిక్కుడు, బెండ, వంగ, గోంగూరలకు పందిరే అక్కర్లేదు.

నియమమే తప్పనిపిస్తే

కొన్ని నియమాలు నిజంగానే అర్థం లేనివి. వాటిని మార్చే దారి బోర్డు సమావేశాల్లో ఉంది. చాలా అసోసియేషన్లలో వార్షిక సమావేశానికి కోరం కూడా నిండదు. మన వీధుల్లో వందల తెలుగు కుటుంబాలున్నా ఆ హాల్లో నలుగురు కనిపించరు. ఉగాదికి వంద ప్లేట్ల పులిహోర కలపగలిగినవాళ్లం, ఏడాదికోసారి ఒక సాయంత్రం అక్కడ కూర్చోగలం. నలుగురు ఇంటివాళ్లు కలిసి, “పెరటి పందిళ్లకు 7 అడుగుల వరకు, కంచె నుంచి 3 అడుగుల ఎడంతో అనుమతి” అని ఒక పేజీ ప్రతిపాదన పెట్టండి. అందులో సంతకాలు తెలుగువాళ్లవే కాకుండా టమాటాలు పెంచే అమెరికన్లవి, మిరపకాయలు పెంచే మెక్సికన్లవి కూడా ఉండేలా చూడండి. ఇంకా ముందుకెళ్లాలంటే కమిటీలో ఖాళీ వచ్చినప్పుడు మీరే పేరివ్వండి. పందిరి అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఒకరు బల్లకు అవతలివైపు కూర్చుంటే వీధి మొత్తానికి మేలు.

ఈ వారాంతం ఒక గంట పెట్టుకోండి. మీ సీసీ అండ్ ఆర్ తెరిచి ‘ఫెన్స్’, ‘స్ట్రక్చర్’, ‘గార్డెన్’, ‘విజిబుల్’ అన్న నాలుగు మాటలు వెతికి, వాటి దగ్గర ఏం రాశారో చదవండి. డిజైన్ గైడ్‌లైన్స్‌లోనూ అదే పని చేయండి. మీ పెరడు ఎక్కడ గీత దాటిందో, ఎక్కడ దాటలేదో అప్పుడు మీకే తెలుస్తుంది. ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా దరఖాస్తు నింపి, పక్కింటి తలుపు తట్టండి.